మీరు రాసిన లెఫ్ట్ జాయిన్‌ను ప్లానర్ ఏం చేస్తోందో తెలుసుకోవడం ఎలా

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరుసలన్నిటినీ ఉంచి, జత కుదిరిన కుడి టేబుల్ వరుసలను పక్కన చేర్చేది) రాసినవారిలో చాలామంది అది లెఫ్ట్ జాయిన్‌గానే నడుస్తుందని అనుకుంటారు. క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్ మాత్రం మీరు రాసిన షరతులన్నిటినీ కలిపి చదువుతుంది. వాటి అర్థాన్ని బట్టి ఆ జాయిన్‌ను ఇన్నర్ జాయిన్‌గా (జత కుదిరిన వరుసలనే ఇచ్చేది) మార్చవచ్చు, యాంటీ జాయిన్‌గా (జత కుదరని వరుసలనే ఇచ్చేది) మార్చవచ్చు, అవసరం లేదని తేలితే పూర్తిగా తీసివేయనూ వచ్చు. ఈ మార్పుల వల్ల ఫలితం మారదు, ఎందుకంటే ప్లానర్ మీ క్వెరీ అర్థానికి కట్టుబడే పని చేస్తుంది. మీరు రాసిన షరతుకూ మీ మనసులో ఉన్న ఉద్దేశానికీ తేడా ఉన్నప్పుడే చిక్కు వస్తుంది. ఆ తేడాను ప్లాన్ చదివి ఎలా పట్టుకోవాలో, ప్లానర్‌కు సాయపడేలా షరతును ఎక్కడ రాయాలో దశలవారీగా చూద్దాం. మాటల సౌలభ్యం కోసం ఎస్‌క్యూఎల్ పదాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు వాటి అసలు స్పెల్లింగ్ వాడండి.

1. లెక్క తేలిగ్గా సరిచూసుకోగల టేబుళ్లు తయారు చేసుకోండి

పెద్ద ప్రొడక్షన్ డేటాబేస్ మీద నేర్చుకోవడం కష్టం, ఎన్ని వరుసలు రావాలో ముందుగా తెలియదు కాబట్టి. అందుకే ఒక కాలేజీ ఫీజుల లెక్కను ఊహించుకుని రెండు టేబుళ్లు పెట్టుకోండి. మొదటిది ‘విద్యార్థులు’. జెనరేట్ సిరీస్ ఫంక్షన్‌తో 1 నుంచి 10,000 వరకు ఐడీలు నింపి, ఐడీని ప్రైమరీ కీగా పెట్టండి. ఐడీ 4తో నిశ్శేషంగా భాగింపబడితే ‘శాఖ’ కాలమ్‌లో గణితం అనీ, మిగిలినవారికి వేరే శాఖల పేర్లనీ రాయండి. రెండవది ‘చెల్లింపులు’. 1 నుంచి 9,000 వరకు ఉన్న ప్రతి విద్యార్థికీ 2021 నుంచి 2025 వరకు ఏడాదికి ఒక చెల్లింపు చొప్పున 45,000 వరుసలు నింపండి. ఇందులో చెల్లింపు_నంబరు ప్రైమరీ కీ. విద్యార్థి_ఐడీ, సంవత్సరం, సొమ్ము మిగతా కాలమ్‌లు. విద్యార్థి_ఐడీ మీద ఒక ఇండెక్స్ కూడా పెట్టండి.

చివరి 1,000 మంది విద్యార్థులకు ఒక్క చెల్లింపు కూడా లేదు. ఔటర్ జాయిన్ (లెఫ్ట్, రైట్, ఫుల్ జాయిన్లు) గురించి తెలుసుకోవలసినదంతా ఆ వెయ్యి వరుసల దగ్గరే తేలుతుంది. డేటా నింపాక రెండు టేబుళ్ల మీద అనలైజ్ కమాండ్ తప్పకుండా నడపండి. అది సేకరించే గణాంకాలు లేకపోతే ప్లానర్ అంచనాలకు ఆధారం ఉండదు, మీరు చూసే ప్లాన్‌కూ విలువ ఉండదు.

2. ఒకే షరతును ఆన్‌లో ఒకసారి, వేర్‌లో ఒకసారి రాసి చూడండి

ముందుగా ఈ క్వెరీ నడపండి:

సెలెక్ట్ * ఫ్రమ్ విద్యార్థులు వి లెఫ్ట్ జాయిన్ చెల్లింపులు చె ఆన్ చె.విద్యార్థి_ఐడీ = వి.ఐడీ యాండ్ చె.సంవత్సరం = 2025

దీనికి 10,000 వరుసలు వస్తాయి. 9,000 మందికి ఆ ఏటి చెల్లింపు పక్కన కనిపిస్తుంది, మిగతా 1,000 మందికి చెల్లింపు కాలమ్‌లన్నీ నల్‌గా, అంటే విలువ లేకుండా, ఉంటాయి. ఇప్పుడు సంవత్సరం షరతును ఆన్ నుంచి తీసి వేర్‌లో పెట్టండి. వరుసలు 9,000కు తగ్గుతాయి. ఫీజు కట్టనివారి జాబితా కోసమే ఆ క్వెరీ రాసి ఉంటే, కావలసినవాళ్లే జాబితా నుంచి జారిపోయారన్నమాట.

ఎడమ వరుసకు కుడి వరుస జత కుదిరిందా లేదా అని మాత్రమే ఆన్ షరతు నిర్ణయిస్తుంది. జత కుదరకపోయినా ఎడమ వరుస పోదు, నల్‌లతో బయటికి వస్తుంది. వేర్ షరతు వంతు ఆ తరువాతే వస్తుంది. నల్‌లతో నిండిన వరుసను కూడా అది పరీక్షిస్తుంది. నల్‌ను 2025తో పోలిస్తే ఫలితం నల్ కాబట్టి ఆ వరుస తొలగిపోతుంది.

ఎడమ టేబుల్ మీది షరతును ఆన్‌లో రాస్తే దీనికి అద్దం పట్టినట్టు మరో చిక్కు వస్తుంది. సంవత్సరం షరతు తీసివేసి, ఆన్‌లో యాండ్ వి.శాఖ = ‘గణితం’ అని రాశారనుకోండి. గణితం విద్యార్థులు మాత్రమే వస్తారని చూస్తే పొరపాటే. అందరూ వస్తారు. చెల్లింపులున్న గణితం విద్యార్థులు 2,250 మంది కాబట్టి వారికి అయిదేసి వరుసల చొప్పున 11,250, మిగిలిన 7,750 మందికి నల్‌లతో ఒక్కొక్కటి, మొత్తం 19,000 వరుసలు. అదే షరతు వేర్‌లో ఉంటే 11,500 వరుసలే వస్తాయి: ఆ 11,250తో పాటు చెల్లింపులు లేని 250 మంది గణితం విద్యార్థులు. వేగం విషయంలోనూ తేడా ఉంది. వేర్‌లో ఉన్న ఎడమ టేబుల్ షరతును ప్లానర్ విద్యార్థుల స్కాన్ (టేబుల్‌ను చదివే దశ) దాకా దించగలదు. ఆన్‌లో ఉన్నదాన్ని దించలేదు, ఎందుకంటే ఆ షరతు తప్పినా ఆ విద్యార్థి ఫలితంలో కనిపించాలి. కుడి టేబుల్ మీది ఆన్ షరతును మాత్రం నిశ్చింతగా కుడి స్కాన్ దాకా దించుతుంది.

3. ప్లాన్‌లో జాయిన్ ఫిల్టర్‌నూ ఫిల్టర్‌నూ వేరుగా చదవండి

పై క్వెరీలన్నిటికీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (ప్లాన్‌ను చూపించే కమాండ్) చేర్చి మళ్లీ నడపండి. ఇది క్వెరీని నిజంగానే నడుపుతుంది కాబట్టి అప్‌డేట్, డిలీట్ స్టేట్‌మెంట్ల మీద వాడేటప్పుడు ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేయండి.

జాయిన్ నోడ్ కింద మూడు రకాల లైన్లు కనిపించవచ్చు. హ్యాష్ కండ్ లేదా మెర్జ్ కండ్ అన్నది జతలు వెతకడానికి వాడిన సమానత్వ షరతు. జాయిన్ ఫిల్టర్ అన్నది ఆన్‌లో మిగిలిన షరతు. ఇది తప్పిన ఎడమ వరుస నల్‌లతో బయటికి రావచ్చు. ఉత్త ఫిల్టర్ అన్నది ఔటర్ జాయిన్ నియమాలన్నీ పూర్తయ్యాక జరిగే పరీక్ష, అది తప్పిన వరుస ఇక పోయినట్టే. ఇన్నర్ జాయిన్‌లో ఈ రెంటికీ అర్థంలో తేడా లేదు. ఔటర్ జాయిన్‌లో అసలు విషయమంతా ఈ తేడాలోనే ఉంది. శాఖ షరతును ఆన్‌లో పెట్టిన క్వెరీ ప్లాన్‌లో అది జాయిన్ ఫిల్టర్‌గా కనిపిస్తుంది. వేర్‌లో పెడితే విద్యార్థుల స్కాన్ కింద ఫిల్టర్‌గా కనిపిస్తుంది.

మీరు లెఫ్ట్ జాయిన్ రాస్తే ప్లాన్‌లో హ్యాష్ రైట్ జాయిన్ అని కనిపించినా కంగారు పడకండి. చిన్న టేబుల్‌తో హ్యాష్ (జతలు త్వరగా వెతికే పట్టిక) కట్టి పెద్ద టేబుల్‌తో వెతకడం చవక కాబట్టి ప్లానర్ పక్కలు మార్చుకుంది, అంతే. జతలేని వరుసలను నిలుపుకొనే పక్క మాత్రం విద్యార్థులదే. నెస్టెడ్ లూప్‌కు (బయటి పక్కలోని ప్రతి వరుసకూ లోపలి పక్కను వెతికే పద్ధతి) ఈ వెసులుబాటు లేదు. అది లెఫ్ట్ జాయిన్ చేయగలదు గాని రైట్ జాయిన్ చేయలేదు, కాబట్టి అక్కడ విద్యార్థులే బయటి పక్కన ఉండాలి.

4. లెఫ్ట్ జాయిన్ ఇన్నర్‌గా మారిందేమో చూడండి, ఎందుకు మారిందో తెలుసుకోండి

సంవత్సరం షరతును వేర్‌లో పెట్టిన క్వెరీ ప్లాన్ చూస్తే అందులో లెఫ్ట్, రైట్ అన్న మాటే ఉండదు, ఉత్త హ్యాష్ జాయిన్ ఉంటుంది. దీని వెనక ఉన్న తర్కం ఇది: ఏ ఆర్గ్యుమెంట్ నల్ అయినా ఫలితం కూడా నల్‌గా ఇచ్చే ఆపరేటర్‌ను పోస్ట్‌గ్రెస్ స్ట్రిక్ట్ అంటుంది. సమానం, చిన్నది, పెద్దది వంటి మామూలు పోలికలన్నీ స్ట్రిక్టే. కుడి టేబుల్ కాలమ్ మీద వేర్‌లో ఒక్క స్ట్రిక్ట్ షరతు ఉన్నా నల్‌లతో నిండిన వరుస ఏదీ దాన్ని దాటి రాలేదు. రాలేని వరుసలను తయారు చేయడం ఎందుకని ప్లానర్ జాయిన్‌ను ఇన్నర్‌గా మారుస్తుంది. దానితో జాయిన్ల వరుసక్రమం విషయంలో దానికి పూర్తి స్వేచ్ఛ వస్తుంది.

ఇదే మార్పు ఎవరూ గమనించని చోట కూడా జరుగుతుంది. విద్యార్థులకు చెల్లింపులను లెఫ్ట్ జాయిన్ చేసి, ఆ తరువాత రశీదుల టేబుల్‌ను మామూలు జాయిన్‌తో చె.చెల్లింపు_నంబరు మీద కలిపారనుకోండి. ఆ రెండవ జాయిన్ షరతు చెల్లింపుల కాలమ్ మీద స్ట్రిక్ట్, కాబట్టి మొదటి లెఫ్ట్ జాయిన్ కూడా ఇన్నర్‌గా మారిపోతుంది, చెల్లింపులు లేని వెయ్యి మందీ పోతారు. ఏళ్ల తరబడి నడుస్తున్న రిపోర్టుకు ఎవరో ఒక టేబుల్ చేర్చగానే వరుసలు తగ్గాయంటే ముందుగా వెతకవలసింది ఇక్కడే. రశీదులను కూడా లెఫ్ట్ జాయిన్ చేయండి, లేదా చెల్లింపులూ రశీదుల జాయిన్‌ను బ్రాకెట్లలో పెట్టి ఆ మొత్తాన్ని విద్యార్థులకు లెఫ్ట్ జాయిన్ చేయండి. ఈ రెండింటి అర్థాలు వేరు. రశీదు లేని చెల్లింపు మీకు కావాలంటే మొదటిది, అక్కర్లేదంటే రెండవది.

పోయిన వరుసలను వెనక్కు తేవడానికి కొందరు వేర్‌లో కోయలెస్ (చె.సంవత్సరం, 2025) = 2025 అని రాస్తారు. మొదటి విలువ నల్ అయితే రెండవదాన్ని ఇచ్చే కోయలెస్ స్ట్రిక్ట్ కాదు కాబట్టి లెఫ్ట్ జాయిన్ నిలిచి ఉంటుంది, మన టేబుళ్లలో 10,000 వరుసలూ వస్తాయి. అయినా ఈ పద్ధతి వాడవద్దని గట్టిగా చెబుతాను. ప్లాన్ చూడండి: మొత్తం 46,000 వరుసలు జాయిన్ అయ్యాక పైన ఫిల్టర్ 36,000 వరుసలను పారేస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య అర్థంలోనే ఉంది. 2021లో మాత్రమే ఫీజు కట్టిన విద్యార్థి ఒకరిని చేర్చి చూడండి. ఆన్‌లో సంవత్సరం షరతు ఉన్న క్వెరీలో ఆ విద్యార్థి నల్‌లతో వస్తారు. కోయలెస్ రాసిన క్వెరీలో అసలు కనిపించరు, ఎందుకంటే వారికి 2021 వరుసతో జత కుదిరింది, ఆ జత ఫిల్టర్‌లో పోయింది. సంవత్సరం = 2025 ఆర్ సంవత్సరం ఈజ్ నల్ అని రాసినా ఇదే జరుగుతుంది. పరీక్ష డేటాలో సరిగ్గా కనిపించి అసలు డేటాలో తప్పే క్వెరీలు ఇలాంటివే. పరీక్ష పూర్తయ్యాక ఆ విద్యార్థిని తీసివేయండి, కింది లెక్కలు పాత డేటా మీదే ఉంటాయి.

5. జత లేనివారిని వెతికేటప్పుడు జాయిన్ కాలమ్‌నే ఈజ్ నల్‌తో పరీక్షించండి

ఎన్నడూ ఫీజు కట్టని విద్యార్థులు కావాలంటే లెఫ్ట్ జాయిన్ చేసి వేర్‌లో ఈజ్ నల్ పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. ఏ కాలమ్ మీద పెట్టారన్నది ఇక్కడ ముఖ్యం. ముందు వేర్ చె.విద్యార్థి_ఐడీ ఈజ్ నల్ అని రాసి ప్లాన్ చూడండి. హ్యాష్ యాంటీ జాయిన్ కనిపిస్తుంది, 16వ వెర్షన్ నుంచి హ్యాష్ రైట్ యాంటీ జాయిన్ కూడా కావచ్చు. జాయిన్ షరతు స్ట్రిక్ట్ కాబట్టి జత కుదిరిన వరుసలో విద్యార్థి_ఐడీ నల్ కాజాలదు. అది నల్‌గా ఉండాలని అడుగుతున్నారంటే జత లేని వరుసలే కావాలన్నమాట. 2009లో వచ్చిన 8.4 వెర్షన్ నుంచి ప్లానర్ ఈ మాట గ్రహిస్తోంది. అంచనా కూడా 1,000కి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు వేర్ చె.చెల్లింపు_నంబరు ఈజ్ నల్ అని మార్చండి. అది ప్రైమరీ కీ, ఎప్పటికీ నల్ కాదు, కాబట్టి మనకు రెండూ ఒకటే. ఫలితం కూడా అవే 1,000 వరుసలు. కాని 18 వరకు ఉన్న వెర్షన్లలో ఈ మార్పు కోసం ప్లానర్ నాట్ నల్ నిబంధనను చూడదు, జాయిన్ షరతులో ఉన్న కాలమ్‌లనే చూస్తుంది. అందువల్ల లెఫ్ట్ జాయిన్ అలాగే ఉండి పైన ఫిల్టర్ పడుతుంది, 45,000 వరుసలు ఆ ఫిల్టర్‌లో పోతాయి. అంచనా లైన్ దగ్గర ఇంకా పెద్ద నష్టం కనిపిస్తుంది. చెల్లింపు_నంబరు గణాంకాల్లో నల్‌ల శాతం సున్నా కాబట్టి ఫిల్టర్ దాటేది ఒక్క వరుసేనని ప్లానర్ లెక్క కడుతుంది. నిజంగా వచ్చేవి వెయ్యి. ఈ చిన్న క్వెరీకి దానివల్ల హాని లేదు. దీన్ని ఇంకో పెద్ద క్వెరీలో భాగం చేస్తే మాత్రం, ఒక్క వరుసే కదా అని పైన నెస్టెడ్ లూప్ ఎంచుకుని, లోపలి పక్కను అనుకున్నదానికి వెయ్యింతలు ఎక్కువసార్లు తిప్పవచ్చు.

నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తే ఈ బెడద ఉండదు. అది నేరుగా యాంటీ జాయిన్ అవుతుంది, చదివేవారికి ఉద్దేశమూ స్పష్టంగా తెలుస్తుంది. నా ఓటు దానికే. నాట్ ఇన్ సబ్‌క్వెరీ మాత్రం వేరే సంగతి. సబ్‌క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఫలితం ఖాళీ కావాలన్న నియమం వల్ల అది 18 వరకు ఉన్న వెర్షన్లలో యాంటీ జాయిన్‌గా మారదు.

6. స్థిరవిలువ షరతును నిలిచే పక్క మీదే రాయండి

ఒక్క విద్యార్థి వివరాలు కావాలంటే వేర్ వి.ఐడీ = 4500 అని రాయండి. వి.ఐడీ, చె.విద్యార్థి_ఐడీ సమానం కావాలనీ, వి.ఐడీ 4500 అనీ తెలిసినప్పుడు, జత కుదరగల చెల్లింపులు విద్యార్థి_ఐడీ 4500 ఉన్నవి మాత్రమేనని ప్లానర్ తానే ఊహిస్తుంది. ప్లాన్‌లో రెండు పక్కలా 4500తో ఇండెక్స్ వెతుకులాట కనిపిస్తుంది. వేర్ చె.విద్యార్థి_ఐడీ = 4500 అని రాస్తే అది నాలుగవ దశలో చెప్పినట్టు ఇన్నర్ జాయిన్ అయిపోతుంది.

ఈ ఊహ సమానత్వానికే పరిమితం. వేర్ వి.ఐడీ < 100 అని రాస్తే చెల్లింపుల పక్కకు ఆ పరిమితి చేరదు. ప్లానర్ నెస్టెడ్ లూప్ ఎంచుకుంటే ఇండెక్స్ సరిపోతుంది, హ్యాష్ ఎంచుకుంటే మాత్రం చెల్లింపులన్నీ చదువుతుంది. పెద్ద టేబుళ్ల మీద, ముఖ్యంగా తేదీల వారీగా పార్టిషన్ చేసినవాటి మీద, ఇది చాలా ఖరీదైన తేడా. అదే పరిమితిని ఆన్‌లో యాండ్ చె.విద్యార్థి_ఐడీ < 100 అని మీరే చేర్చండి. జాయిన్ షరతు సమానత్వం కాబట్టి ఫలితం మారదు, కుడి స్కాన్ మాత్రం చిన్నదవుతుంది.

7. జాయిన్ల వరుసక్రమాన్ని ఏది అడ్డుకుంటోందో చూడండి

ఇన్నర్ జాయిన్లను ప్లానర్ ఏ క్రమంలోనైనా చేయగలదు. ఔటర్ జాయిన్లకు 2006లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొంత స్వేచ్ఛ ఉంది, హద్దులూ ఉన్నాయి. విద్యార్థులకు చెల్లింపులు, చెల్లింపులకు రశీదులు వరుసగా లెఫ్ట్ జాయిన్ చేశారనుకోండి. రశీదుల ఆన్ షరతు చెల్లింపుల మీద స్ట్రిక్ట్ అయితే ముందు చెల్లింపులూ రశీదులూ కలిపి, తరువాత విద్యార్థులతో జోడించినా అదే ఫలితం వస్తుంది. ఆ షరతులో కోయలెస్ (చె.చెల్లింపు_నంబరు, 0) అని ఉంటే మాత్రం ఆ మార్గం మూసుకుపోతుంది. ఫీజు కట్టని విద్యార్థి తాలూకు నల్ వరుస సున్నాగా మారి, సున్నా నంబరున్న రశీదుతో జత కుదరవచ్చు, ముందే కలిపేస్తే ఆ జత రాదు. అందుకే ఆన్ షరతుల్లో కాలమ్‌లను ఫంక్షన్లతో చుట్టకుండా నేరుగా పోల్చండి. ఒక కాలమ్‌ను ఏయే ఔటర్ జాయిన్లు నల్ చేసి ఉండవచ్చో ప్రతి ప్రస్తావనతోనూ గుర్తు పెట్టుకునే ఏర్పాటు 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో చేరింది. ఈ క్రమం మార్పుల లెక్క దానితో మరింత గట్టి పునాది మీదికి వచ్చింది.

టేబుళ్లు ఎక్కువైతే జాయిన్_కొలాప్స్_లిమిట్ సెట్టింగ్ చూడండి. దాని డిఫాల్ట్ విలువ 8. అంతకు మించిన జాయిన్ల విషయంలో మీరు రాసిన క్రమమే కొంతవరకు నిలుస్తుంది, కాబట్టి వరుసలను బాగా తగ్గించే టేబుళ్లను ముందు రాయడం మేలు. దాన్ని పెంచితే ప్లాన్ వేయడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. 12 టేబుళ్ల నుంచి జన్యు పద్ధతి వెతుకులాట మొదలవుతుంది గనుక అన్ని క్రమాలనూ పరిశీలించడమూ ఆగుతుంది. ముందు ఒక్క సెషన్‌లో మార్చి, ప్లానింగ్ టైమ్, ఎగ్జిక్యూషన్ టైమ్ రెండూ చూశాకే నిర్ణయించండి.

8. అక్కర్లేని జాయిన్‌ను ప్లానర్ తీసివేసేలా చూడండి

వ్యూలలో (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలలో) పది టేబుళ్లు కలిపి పెట్టి, వాడేటప్పుడు మూడు కాలమ్‌లే అడగడం మామూలే. కుడి టేబుల్ కాలమ్ ఏదీ క్వెరీలో వాడకపోతే, జాయిన్ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ ఉంటే, ప్లానర్ ఆ లెఫ్ట్ జాయిన్‌ను తీసివేస్తుంది, ప్లాన్‌లో ఆ టేబుల్ పేరే కనిపించదు. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. ఎడమ వరుస పోదన్న హామీ లెఫ్ట్ జాయిన్ నుంచి వస్తుంది, రెట్టింపు కాదన్న హామీ యూనిక్ ఇండెక్స్ నుంచి వస్తుంది. రెండూ ఉంటేనే తీసివేత సాధ్యం. మన చెల్లింపుల టేబుల్‌లో విద్యార్థి_ఐడీ యూనిక్ కాదు కాబట్టి అది పోదు. విద్యార్థి_ఐడీయే ప్రైమరీ కీగా చిరునామాల టేబుల్ ఒకటి చేర్చి చూస్తే అది పోతుంది. అలాంటి జాయిన్‌ను ఇన్నర్‌గా రాస్తే ఫారిన్ కీ ఉన్నా సరే ప్లానర్ తీసివేయదు. కాబట్టి వ్యూలో చేర్చే వివరాల టేబుళ్లను లెఫ్ట్ జాయిన్‌తో కలపండి, వాటి జాయిన్ కాలమ్‌ను యూనిక్‌గా ప్రకటించండి.

ఫుల్ జాయిన్ వాడవలసి వస్తే ఆన్‌లో హ్యాష్ లేదా మెర్జ్ చేయగల సమానత్వ షరతు తప్పనిసరి. చిన్నది, పెద్దది వంటి పోలిక ఒక్కటే రాస్తే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు ఒక లెఫ్ట్ జాయిన్‌నూ, రెండవ పక్కన జత లేనివాటిని తెచ్చే నాట్ ఎగ్జిస్ట్స్ క్వెరీనీ యూనియన్ ఆల్‌తో కలపండి. యూనియన్ మాత్రం వాడకండి, అది నిజంగానే రెండుసార్లు రావలసిన వరుసలను ఒకటిగా చేసేస్తుంది.